చవక ఇల్లు, ఖరీదైన దారి

విశాఖ అద్దెలు మోయలేని మధ్యతరగతి ఇప్పుడు అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల వైపు చూస్తోంది.

‘‘సిటీకి ఎంత దూరమండీ?’’

‘‘దూరమేటండీ బాబూ, అరగంట!’’

కూర్మన్నపాలెం, లంకెలపాలెం జంక్షన్లు రెండూ గాఢనిద్రలో ఉన్న రాత్రి ఎవరో బైకు మీద కొలిచిన అరగంట అది.

‘‘చక్కెర ఫ్యాక్టరీ ఊరు కదా, పొగ, వాసన...?’’

‘‘ఆ బెంగ లేదండి, మూసేశారు.’’

ఉన్న ఒక్క ఉపాధీ పోవడం ఇంటి సౌకర్యాల్లోకి ఎక్కింది!

శారదా నది ఉంది గనక బ్రోచర్‌లో ‘రివర్ వ్యూ’ తప్పదు. ఎండాకాలం కనిపించేది ఇసుకే. గట్టి వానపడితే నదే మనల్ని చూడ్డానికి రావచ్చు, దానికి అదనపు చార్జీ లేదు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. అంతవరకు సెంట్లలో మాట్లాడిన రైతు గజాల్లోకి దిగాడు. సెంటుకు 48 గజాల చిల్లర కదా, ఆ చిల్లర కూడా వదలట్లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కూడా ఇంత బేరం జరగదు.

అయినా అద్దె సగమే. అడ్వాన్సిచ్చి, తాళం పుచ్చుకుంటూ అడిగాడు విశాఖాయన:

‘‘ఇంత మంచిల్లు ఖాళీగా ఎందుకుందండీ?’’

‘‘మావోడు ఉండేవోడండి. ఇక్కడ పని లేదు గదా, గాజువాక ఎల్లిపోనాడు.’’

‘‘అక్కడ ఇల్లు దొరికిందా?’’

‘‘దొరికిందండి. మీరు ఖాళీ చేసిన పోర్షనే.’’