గౌరవంగా కాలిన చేతులు

సర్కారు వారి దగ్గర ఉన్న సరుకులన్నిటిలోకీ చవకైనది గౌరవం. జీతమని ఇస్తే పీఎఫ్ అడుగుతారు, ఒళ్లు కాలితే పరిహారం అడుగుతారు. గౌరవ వేతనమని ఇస్తే నోరెత్తడానికే మొహమాటం. అందుకే తిరుపతి, చిత్తూరు జిల్లాల సర్కారు బడుల్లో పిల్లలకు అన్నం వండే ఆయమ్మలకు నెలకు 3,000 రూపాయల గౌరవం దక్కుతోంది. ఇందులో ఢిల్లీ వారు 2009లో ఖాయం చేసిన లెక్క 1,000 రూపాయలు. అదీ ఏడాదికి 10 నెలలకే. మిగిలిన రెండు నెలలు పిల్లలతో పాటు ఆయమ్మ కడుపు కూడా వేసవి సెలవులకు పోతుందని వారి అంచనా కాబోలు.

చిన్న లెక్క చేద్దాం. 200 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల. నిబంధన ప్రకారం ముగ్గురు వంటవాళ్లు. బిడ్డకు 100 గ్రాముల బియ్యమంటే 20 కిలోలు. ఎసరూ అండా కలిపితే ఆ బరువు ఎంతవుతుందో ఎత్తినవాళ్లకే తెలుసు. దాన్ని ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్కా పట్టి దించాలి, మూత అదిమి పట్టి వంచాలి, గంజి వార్చాలి. మూత ఒక్క అంగుళం జారితే ఆ గంజి ఎవరి పాదాల మీద పడుతుందో చెప్పడానికి సైన్సు సారు అక్కర్లేదు. పక్క పొయ్యి మీద సాంబారు. మధ్యాహ్న భోజన పథకం మెనూ చొప్పున వారానికి ఐదు గుడ్లంటే, 200 మందికి వెయ్యి గుడ్లు ఉడకేసి వేడివేడిగా పొట్టు ఒలవాలి. ఇంత పనికీ ఆమెకున్న రక్షణ సామగ్రి ఒక మసిగుడ్డ. పాత చీర చింపి చేసింది. చీర ఆమెదే.

చిత్తూరు వైపు ఒక బడిలో ఒకామె ముంజేతి మీద అరచేయంత మచ్చ చూసి, ఎప్పుడు కాలిందమ్మా అని అడిగాను. "ఏది సార్, పాతదా కొత్తదా?" అంది. కాలకుండా చేసే దారి లేదా అన్నాను. "నిప్పుతో పని కదా సార్, కాలకుండా ఎట్లుంటాది?" అని నన్నే ఓదార్చి గరిటె తిప్పుకుంది.

మన జిల్లాలకు ముందుజాగ్రత్త తెలియదని మాత్రం అనకండి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారి ప్రాణం తీస్తే, నడిచి కొండెక్కే భక్తుల చేతికి దేవస్థానం వారు కర్రలిచ్చారు. నవ్వినవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ప్రమాదం ఉందని ఒప్పుకుని చేతికి ఏదో ఒకటి ఇచ్చారు కదా! చిరుత ఏ ఏడాదో ఒకసారి వస్తుంది, గంజి రోజూ వస్తుంది. ఆయమ్మకు కర్ర వద్దు, ఒక జత చేతి తొడుగులు చాలు. పథకానికి పేరైతే రెండుసార్లు మార్చారు: 2020లో గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు. మసిగుడ్డ మాత్రం ఏ పార్టీ వచ్చినా మారలేదు. మన రాజకీయాల్లో అంత నిలకడ గల వస్తువు ఇంకొకటి లేదు.

2004 జులై 16న కుంభకోణం ఊరి బడి వంటపాకలో లేచిన మంట 94 మంది పిల్లలను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు, ప్రతి బడిలో మంటలార్పే పరికరాలుండాలి, సిబ్బందికి వాటి వాడకం నేర్పాలి అంది. నేను చూసిన ఒక బడిలో ఆ ఎర్ర సిలిండరు హెడ్మాస్టరు గదిలో, మహనీయుల పటాల వరసలో భద్రంగా వేలాడుతోంది. వంటగది మైదానానికి అవతలి కొసన ఉంది. నిప్పుకు మర్యాద తెలిస్తే నడుచుకుంటూ గదికే వచ్చి ఆరిపోవాలి.

సార్లూ మేడాలూ సుఖంగా ఉన్నారా అంటే, అదీ చెబుతాను. తల్లులకు డబ్బిచ్చే అమ్మఒడి పథకం 2020 జనవరి 9న మన చిత్తూరులోనే మొదలైంది. మరుసటేడు అందులోంచి 1,000 రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు. ఆ డబ్బులోంచి నెలకు 6,000కు ఆయాలను పెట్టారు. వాళ్లు యాసిడ్ పోసి కడగాలి, పట్టభద్రులైన సార్లు అప్పట్లో సెల్‌ఫోను పట్టుకుని లోపలికి పోయి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాల్సి వచ్చేది. యాసిడ్ ఘాటు ఆయాకు, సెల్ఫీ ఘాటు సారుకు. 2020 మే నెలలో అనకాపల్లిలో సార్లను బ్రాందీ షాపుల ముందు వరసలు సరిచేయడానికి కూడా నిలబెట్టారు. 2021 ఏప్రిల్ 17న, కరోనా రెండో అల మీదికొస్తున్న రోజుల్లో, తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక డ్యూటీకి పంపారు. విద్యాహక్కు చట్టం ఎన్నికలకు ఒప్పుకుంటుంది లెండి. బ్రాందీ షాపు ఏ సెక్షన్లోకి వస్తుందో మాత్రం నాకు తెలియదు.

చట్టం సంగతికొస్తే ఇంకా రసవత్తరం. 1988లో గోవా పంతులమ్మ ఒకామె కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమంటే, బడి పరిశ్రమే, అందులో పాఠం చెప్పేవాళ్లు మాత్రం కార్మికులు కారు. వంట ఆయమ్మలను కార్మికులుగా గుర్తించండని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. 13 పాత చట్టాలను కలిపి చేసిన పని ప్రదేశ భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అది మామూలుగా 10 మంది కార్మికులున్న గడపే తొక్కుతుంది. మన వంటగదిలో ఉన్నది ముగ్గురు. వాళ్లూ కార్మికులు కారు, గౌరవనీయులు. పదికి సున్నా!

కలెక్టర్లకు, ఎమ్మెల్యేలకు ఒక మనవి. అప్పుడప్పుడూ బడికొచ్చి పిల్లల పక్కన కూర్చుని భోంచేస్తూ ఫొటో దిగుతుంటారు కదా. ఈసారి వడ్డనకు ఓ గంట ముందే రండి. గంజి వార్చేటప్పుడు మూత పట్టడానికి ఒక చెయ్యి తక్కువగా ఉంది. మసిగుడ్డ మీరే తెచ్చుకోవాలి.