అటకమీది పాట: ఒక గ్రామఫోన్ రికార్డు ఆత్మకథ

నా ఒళ్లు లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు వదిలిన జిగురును గిరిజనులు గీకి తెస్తారు. దాన్ని కరిగించి శుభ్రం చేసి, మెత్తటి రాతిపొడి, నల్లటి మసి, కాస్త నూలుపీచు కలిపి, కాలే అచ్చుల మధ్య నొక్కితే మేం తయారయ్యేవాళ్లం. పదంగుళాల వెడల్పు, అటూ ఇటుగా రెండు వందల గ్రాముల బరువు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాం. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది, అంతే. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం ఉండేది. దేశంలో మోగిన రికార్డుల్లో చాలా భాగం అక్కడే అచ్చయ్యాయి. నేనూ అక్కడే పుట్టాను.

నాలో ఉన్నది 1953లో వచ్చిన ‘దేవదాసు’ పాట. గొంతు ఘంటసాలది. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది. ఆ సినిమా విడుదల కాకముందే, 1952లో, ఆయన చిన్న వయసులోనే పోయారు. ఆయన వినలేకపోయిన చప్పట్లన్నీ నేను విన్నాను. నన్ను మొదట కొన్నవాడు మద్రాసులో మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. పెళ్లిపందిళ్లలో, గుడి ఉత్సవాల్లో, వినాయకచవితి వీధుల్లో నన్ను తిప్పి తిప్పి వినిపించాడు. ప్రతి పాటకూ కొత్త ముల్లు మార్చాలి. అరిగిన ఉక్కుముల్లు గాడిని తినేస్తుంది. ఒక పెళ్లి హడావుడిలో ఎవరి చెయ్యో తగిలి ముల్లు అడ్డంగా గీసుకుపోయింది. అప్పటినుంచి నా రెండో చరణంలో ‘టక్’ అని ఒక చప్పుడు. ఆ చప్పుడు గుర్తుంచుకోండి.

1970 ప్రాంతానికి మన దేశంలో మాలాంటి రికార్డులు అచ్చవడం ఆగిపోయింది. ఎల్పీలు, ఆ వెనకే క్యాసెట్లు వచ్చాయి. మైకుసెట్టు మనిషి మమ్మల్నందరినీ గోనెసంచుల్లో కుక్కి మూర్‌మార్కెట్‌లో తూకానికి అమ్మేశాడు.

మూర్‌మార్కెట్ తెలియని తరం వచ్చేసింది కాబట్టి చెప్పాలి. సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్ర ఇటుకల కట్టడం, 1900లో తెరిచారు. పాత పుస్తకాలు, నాణేలు, గడియారాలు, చిలకలు, కుక్కపిల్లలు, రేడియో విడిభాగాలు, ఒకచోట పోగుపడిన మేము. దక్షిణ రైల్వే కార్యాలయం అక్కడికి అడుగుల దూరం. ఆ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే నెల్లూరు జిల్లా ఆయన ఒకడు సాయంత్రం డ్యూటీ అయ్యాక, మాంబళం వెళ్లే లోకల్ ఎక్కేముందు, మార్కెట్‌లో ఒక చుట్టు చుట్టి వెళ్లేవాడు. నన్ను చేతిలోకి తీసుకుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, లేబులు చదివి, బేరం ఆడకుండా డబ్బిచ్చేశాడు. ఆయనే మా ఇంటాయన. 1985 మే 30న మూర్‌మార్కెట్ తగలబడింది. ఆ అంగళ్లలో మిగిలిన నా తోటివాళ్లంతా ఆ మంటల్లో కరిగిపోయారు. భారతంలో లక్క ఇంటి కథ విన్నవారికి లక్క ఎంత తేలిగ్గా అంటుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆ స్థలంలో సబర్బన్ రైళ్ల స్టేషన్ లేచింది. మా ఇంటాయనకు ఒక భయం పట్టుకున్నది అప్పుడే: ఈవేళ కొనకపోతే రేపటికి ఉండదు. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఇల్లు నిండడం దానితోనే మొదలైంది.

పశ్చిమ మాంబళంలో రెండు గదుల ఇల్లు, కింది అంతస్తు. మొదట నాలుగు అరల బీరువా ఒకటి. అది నిండాక మంచం కింద. ఆ తర్వాత అటక. రికార్డులు ఉన్నాయి కనుక వాటికి బూరపెట్టె కావాలి. ఒకటి చెడితే విడిభాగాలకు రెండోది కావాలి. పాట ఉంది కనుక ఆ సినిమా పాటల పుస్తకం కావాలి. పాటల పుస్తకాలు వచ్చాక పాత సినిమా పత్రికలు, వాటి వెంట వాల్వు రేడియోలు, చివరికి ఎందుకో తెలియని గోడగడియారాలు, బాక్సు కెమెరాలు. ఒక సరదా తన చుట్టాలందర్నీ పిలుచుకొచ్చి ఇంట్లో దించేసింది. భోజనాల బల్ల మీద రేడియో విప్పి ఉండేది. ఇంటావిడ పిల్లలకు నేల మీదే విస్తళ్లు వేసేది. దసరాకు బొమ్మలకొలువు పెట్టాలంటే ఆ తల్లికి మెట్లు కట్టేందుకు ఒక మూల చోటు దొరికేది కాదు.

“ఏందండీ ఇది, మనుషులు నడవడానికి దారి ఉండాలా వద్దా?” అని అడిగేది.

“ఈ ఒక్కటీ. ఇంక కొనను,” అనేవాడు. మనసులో నిజంగానే అనుకునేవాడు కూడా. వచ్చే ఆదివారం పైక్రాఫ్ట్స్ రోడ్డు ప్లాట్‌ఫారం మీద ఇంకోటి కనిపించేది.

నాకు బాగా నొప్పి కలిగించిన సంగతి ఇది. ఆ ఇంట్లో నాకు ఇద్దరు కవలలున్నారు. అదే పాట, అదే అచ్చు. నన్ను కొన్నట్టు ఆయనకు గుర్తుంది కాని నేనెక్కడున్నానో తెలియదు. వెతికి వెతికి దొరక్క రెండోదాన్ని కొన్నాడు. అదీ కలిసిపోయాక మూడోది. ముగ్గురం మూడు వేర్వేరు అట్టపెట్టెల్లో, ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా ఏళ్లు గడిపాం. పేర్చినకొద్దీ అడుగునున్నవాళ్ల మీద బరువు పెరిగి, ఒక్కొక్కరు నిట్టనిలువునా చీలిపోయారు. నా పైన వందకు పైగా ఉండేవాళ్లు. అంటే ఇరవై కిలోలు. మమ్మల్ని ఎప్పుడూ పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి, పడుకోబెట్టి పేర్చకూడదు. ఆ విషయం ఆయనకు తెలుసు. నిలబెట్టే చోటు మాత్రం మిగల్లేదు.

ఎక్కువ పోగేయడమే తప్పు అనే మాట నేను ఒప్పుకోను. ఇదే ఊళ్లో వి.ఎ.కె. రంగారావు గారున్నారు. బొబ్బిలి రాజవంశీకులు, సంగీతం మీదా నాట్యం మీదా రాసిన విమర్శకులు. ఆయన సేకరించిన 78 ఆర్‌పీఎం రికార్డులు 42,000కు పైగా అని లిమ్కా రికార్డుల పుస్తకానికెక్కాయి. తూకం వేస్తే ఎనిమిది టన్నుల పైమాటే. అయినా దాన్ని ఎవరూ చెత్త అనరు. ఏ పాట ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ ఏడాది అచ్చయింది అని అడిగితే చెప్పగల మనిషి అక్కడున్నాడు. ఆ పాటల గురించి వ్యాసాలు రాశాడు, పుస్తకాలు వేశాడు, తాను విన్నది పదిమందికీ వినిపించాడు. లెక్క తెలిసిన నలభై వేలు సంపద. లెక్క తెలియని నాలుగు వందలు భారం.

ఆ రెండో దారి ఎక్కడిదాకా పోతుందో న్యూయార్కులో కోలియర్ అన్నదమ్ముల కథ చెబుతుంది. 1947లో హార్లెంలోని వాళ్ల ఇంట్లోంచి నూరు టన్నులకు పైగా సామాను తీశారు. పద్నాలుగు పియానోలు కూడా ఉన్నాయి. తాము పోగేసిన వాటి మధ్యే ఇద్దరూ చనిపోయారు. ఇలా వదులుకోలేకపోవడాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ఒక ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. వస్తువులు ఎన్ని అన్నది వాళ్ల కొలత కాదు. వంటగదిలో వండుకోగలుగుతున్నారా, మంచం మీద పడుకోగలుగుతున్నారా అన్నది కొలత. మా ఇంటాయన అంతవరకు పోలేదు. అయితే ఆ దారిలో చాలా అడుగులే వేశాడు. ఇలాంటివాళ్లను తిట్టి, వాళ్లు ఇంట్లో లేనప్పుడు బయట పారేసి బాగుచేయాలని చూసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అలా చేస్తే వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఆ చేతుల్లో ఉన్నది సామాను కాదు, పోతుందేమోనన్న దిగులు.

2015 డిసెంబర్ 1 రాత్రి. ఆ తేదీ చెబితే చెన్నైలో ఇప్పటికీ జనం మాట ఆపేస్తారు. వాన, చెంబరంబాక్కం నుంచి వదిలిన నీరు, పొంగిన అడయారు. పశ్చిమ మాంబళం వీధులు నీళ్లలో మునిగాయి. మా ఇంట్లోకి మోకాలు దాటి నీళ్లొచ్చాయి. కరెంటు లేదు. మంచం కిందున్న పెట్టెలన్నీ, నాది కూడా, తెల్లవారేదాకా నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక వీధి పొడవునా ప్రతి ఇంటి ముందూ తడిసిన పరుపులు, పాడైన ఫ్రిజ్‌లు, ఉబ్బిన పుస్తకాలు కుప్పలు పడ్డాయి. మా ఇంట్లో పాటల పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. వాటిలో ఇంకెక్కడా దొరకనివి కూడా ఉండే ఉంటాయి. ఏవి పోయాయో చెప్పడానికి జాబితా లేదు. ఆయన ఏడ్చింది అందుకే.

లక్క కొన్ని గంటల నీటికి తట్టుకుంటుంది. మా కవర్లు కుళ్లాయి, లేబుళ్లు ఊడి కొట్టుకుపోయాయి. మేం మిగిలాం, పేర్లు లేకుండా.

ఇంటావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని పనిలోకి దిగింది. మంచినీళ్లలో ఒక్కొక్కరినీ కడిగి, పాత పంచెలతో ఒత్తి, వంటగిన్నెల స్టాండులో నిలువుగా ఆరబెట్టింది. (స్పిరిట్‌తో తుడుద్దామని పక్కింటాయన సలహా ఇచ్చాడు. ఆమె ఎందుకో వద్దంది. అదృష్టం. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది.) తర్వాత ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చుకుని కూర్చుంది. ఆయన బూరపెట్టెకు కీ ఇచ్చి ఒక్కొక్కటే వినిపించాడు. లేబులు పోయినా, దాని అంచున లక్కలోనే చెక్కిన అంకె ఉంటుంది. ఆయన భూతద్దంతో ఆ అంకె చదివి చెబితే ఆమె రాసింది. చాలా పాటలకు ఆ అంకె అవసరం కూడా పడలేదు. ముందు వాయిద్యం వినగానే ఆమె సినిమా పేరు చెప్పేసింది. ఇన్నేళ్లూ విసుక్కున్న మనిషి ఆ పాటలన్నీ చెవులారా విన్నదని ఆయనకు అప్పుడు తెలిసింది.

నా వంతు వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ముల్లు నా మీద దిగింది. రెండో చరణంలో ‘టక్’ అంది.

“ఇది మూర్‌మార్కెట్‌లోదండీ. ఆ చప్పుడు దీనికే. మన పెద్దోడు చంటిపిల్లాడప్పుడు తెచ్చారు,” అంది.

నా కవలలు కూడా అదే వారంలో దొరికారు. అప్పుడు వాళ్లిద్దరూ కొన్ని ఏర్పాట్లు చేసుకున్నారు. సామాను అంతా ఒకే గదిలో, నేల నుంచి మూడడుగుల ఎత్తున గోడ అరల్లో, నిలువుగా. ఒకే పాట రెండు ఉంటే బాగా పలికేది ఉంచి రెండోది ఇచ్చేయాలి. గడియారాలు, కెమెరాలు ఆయన ఏనాడూ ముట్టుకోనివి, వాటిని ఇష్టపడేవాళ్లకు ఇచ్చేయాలి. నోటుబుక్కులో రాయనిదే కొత్తది అరలోకి ఎక్కకూడదు. చివరి ఏర్పాటు ఆమె పట్టుబట్టినది. మన తర్వాత ఇవి ఎవరికి చేరాలో ఇప్పుడే రాసిపెట్టాలి.

ఆ ఏర్పాటుకు ఆమెకు ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. కారైకుడి పక్కన కోట్టయ్యూరులో రోజా ముత్తయ్య చెట్టియార్ అనే సైన్‌బోర్డుల చిత్రకారుడు జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, నాటకాల నోటీసులు సేకరించి, దాదాపు లక్ష దాకా పోగుచేసి, 1992లో పోయాడు. చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొని దేశం దాటించకుండా చెన్నైలో ఉంచింది. 1994లో ఆయన పేరుతో గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడు తరమణిలో ఉన్న ఆ భవనంలో పరిశోధకులు కూర్చుని చదువుకుంటారు. ఒక ఇంటి అటక ఒక జాతి జ్ఞాపకం కాగలదని దానివల్ల తెలుస్తుంది. అందరి అటకకూ అలాంటి చేతులు దొరకవు. ముందే ఆలోచించిన ఇంటికి దొరికే అవకాశం ఎక్కువ.

ముగ్గురిలో బాగా పలికింది నా చిన్న కవల. అదే అరలో ఉండిపోయింది. నన్ను కోడంబాక్కంలో పాత బూరపెట్టె బాగుచేసుకున్న ఒక కాలేజీ కుర్రాడికి ఇచ్చారు. ఇంటాయన నన్ను కొత్త కవరులో పెట్టి, దానిమీద సినిమా పేరు, ఘంటసాల పేరు, సుబ్బరామన్ పేరు, ఏడాది రాసి చేతికిచ్చాడు. బాధపడలేదా అంటే పడ్డాను. కానీ ఈ ఇంట్లో నన్ను తిప్పుతున్నారు. పెట్టెలో భద్రంగా ఉండడం కన్నా, ముల్లు కింద కాస్త కాస్త అరుగుతూ పాడడమే నా పని.

ప్రతి జనవరిలో భోగి ముందు చెన్నై ఇళ్లల్లో అటకలు దులిపి, పాత సామాను భోగిమంటల్లో వేస్తారు. తెలుగిళ్లల్లోనూ అంతే. 2018 భోగినాడు చెన్నైలో ఆ మంటల పొగ కమ్మి విమానాలు కూడా దిగలేకపోయాయి. మీ తాతగారి అటక మీద గోనెసంచిలో నల్లటి పళ్లేలు కనిపిస్తే మంటలో వేయకండి, తూకానికి అమ్మకండి, అలాగని మళ్లీ అటకెక్కించకండి. పొడి గుడ్డతో తుడిచి నిలువుగా పెట్టండి. ఒక కాగితం తీసుకుని ఏ పాట, ఎవరు పాడారు, ఏ అంకె అని రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకోండి, లేబుళ్లు చెరిగిన పాటల పేర్లు చెప్పగలిగేది వాళ్లే.