పన్నెండు కార్బన్ల కబురు

నన్ను కన్నది సూడోమోనాస్ ఏరుజినోసా అనే బాక్టీరియా. గాయాల కట్లకు అంటిన నీలి ఆకుపచ్చ రంగుకు కారణం వెతుకుతూ, 1882లో ఫ్రాన్సులో కార్ల్ గెస్సార్డ్ మా అమ్మ ఉనికిని కనిపెట్టాడు. నా నిర్మాణం తేలింది మాత్రం 1994లో: తలగా లాక్టోన్ వలయం, తోకగా పన్నెండు కార్బన్ల గొలుసు. ప్రయోగశాలల్లో నన్ను సీ12 అంటారు.

నేను మోసేది ఒక్కటే కబురు: మనం ఎంతమందిమి? చుట్టూ నావంటి అణువులు కిక్కిరిస్తే, కణాల్లోని లాస్ ఆర్ ప్రొటీను నన్ను పట్టుకుంటుంది. అప్పుడు గుంపంతా ఒక్కసారిగా దాడికి దిగుతుంది.

మనుషుల కణాలతో నాకు ఈ కబుర్ల సంబంధం లేదు. అయినా 2004లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ కణాలకు నన్ను తగిలిస్తే, వాటి పెరుగుదల ఆగింది. స్టాట్3 ప్రొటీను చురుకుదనం తగ్గింది. కణాలు తమంతట తామే ముక్కలై చనిపోయాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు.

ఎలాగన్నది తర్వాత తేలింది, నా జీవితంలో నన్ను అత్యంత విస్మయపరిచింది అదే. చాలా కణితులు ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకోవడానికి పారాక్సొనేజ్-2 అనే ఎంజైమును ఎక్కువగా తయారుచేసుకుంటాయి. ఆ ఎంజైముకు లాక్టోన్ వలయాన్ని తెంచే గుణం కూడా ఉంది. కొవ్వు స్వభావం వల్ల నేను కణపొరలోంచి సులువుగా లోపలికి జారతాను. ఆ ఎంజైము నా వలయాన్ని తెంచగానే నేను ఆమ్లంగా మారి, విద్యుదావేశం వచ్చి, బయటికి రాలేక అక్కడే చిక్కుకుపోతాను. లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. మైటోకాండ్రియా శక్తి కోల్పోతుంది, సైటోక్రోమ్-సి బయటికి కారుతుంది, కణాన్ని చంపే కాస్పేజు ఎంజైములు మేల్కొంటాయి. పారాక్సొనేజ్-2 లేని కణాలకు నా వల్ల ఈ చావు పెద్దగా రాదు. కణితిని కాపాడే కవచమే దాన్ని చంపుతోందన్నమాట!

అయినా నన్ను మందు అనకండి. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజులు కూడా నా చేతిలో ఇలాగే చనిపోతాయని 2003లోనే చూశారు. మిమ్మల్ని కాచే సైన్యమే అది. కాలిన గాయాల్లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఊపిరితిత్తుల్లో మా అమ్మ పాతుకుపోవడంలో నా పాత్ర ఉంది. ఆ బాధ నాకు తెలుసు. పైగా ఒంటి వేడికి, రక్తంలోని క్షారత్వానికి నా వలయం కొన్ని గంటల్లోనే దానంతటదే తెరుచుకుంటుంది.

అందుకే రసాయనవేత్తలు నా ఆకారాన్ని మారుస్తున్నారు. తోక చివర ఫినైల్ వలయం తగిలించిన నా తోబుట్టువు ఒకటి తయారైంది. క్యాన్సర్ కణాన్ని చంపాలి, బాక్టీరియాకు మాత్రం కబురు అందకూడదు: దాని నుంచి వాళ్లు ఆశిస్తున్నది ఇదే.