మావయ్య కట్టిన ఫీజు

బైపీసీ చదివి ఈ కోర్సేమిటని మా బ్యాచ్‌లో అందర్నీ ఇంట్లో అడిగినవాళ్లే. బి.ఎ.ఎస్.ఎల్.పి. అంటే ఊళ్లల్లో ఎవరికీ తెలియదు. వినికిడిలోనూ మాటలోనూ వచ్చే లోపాలు కనిపెట్టి సరిచేసే చదువని విడమరిచి చెబితే, "మాటలు నేర్పడానికి నాలుగేళ్లా? మా అమ్మ మాకు ఊరికే నేర్పిందే!" అనేవాళ్లు. మూడేళ్లు క్లాసులు, నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే ప్రాక్టీసు అని చెప్పినా వాళ్ల మొహాల్లో నమ్మకం కనిపించేది కాదు.

నా రూమ్మేటుకు మాత్రం ఆ బాధ లేదు. ఆమెను ఇందులో చేర్పించిందే మేనమామ. పల్నాడులో మిర్చి రైతు. చదివింది పదో తరగతి. ఆమె ఇంటరవగానే తండ్రి సంబంధాలు చూస్తానంటే ఆయనే అడ్డుపడ్డాడట. "చెవుల డాక్టర్ల దగ్గర మాటలు నేర్పే చదువొకటుంది బావా. పిల్లని హైదరాబాదు పంపిద్దాం. ఫీజు నాది" అన్నాడట. మిర్చి ధర పడిపోయిన ఏడు కూడా ఆ డబ్బు ఒక్కరోజు ఆలస్యం కాలేదు. హాస్టల్‌కి వస్తే మా అందరికీ సరిపడా సున్నుండలు తెచ్చేవాడు. వరండాలో కూర్చుని, "ఈసారి ఏం నేర్చుకున్నావమ్మడూ?" అని అడిగి, చెప్పిందంతా మధ్యలో మాట్లాడకుండా వినేవాడు.

చెప్పడానికి ఎంతో ఉండేది. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడంతో ఆగదు, తనూ సన్నటి శబ్దం వెలువరిస్తుందని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. అందువల్లే ఇవాళ పుట్టిన రెండో రోజున, బిడ్డ నిద్రపోతుండగానే, చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి పరీక్ష చెయ్యగలుగుతున్నాం. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషను పెట్టి శిక్షణ మొదలుపెట్టడం మాకు కంఠస్థం చేయించిన లెక్క. మాట నేర్చుకోవడానికి మెదడు బాగా అనువుగా ఉండేది తొలి మూడేళ్లలోనే. ఆ కాలం వృథాగా పోతే ఆ తర్వాత ఎంత శ్రమపడినా లోటు పూడ్చడం కష్టం.

"ఆపరేషన్ చేసి చెవిలో ఏదో పెడతారంట గదా, దాంతో సరిపోదా?" అని ఒకసారి అడిగాడు మావయ్య.

"కాక్లియర్ ఇంప్లాంట్‌తో శబ్దం వినపడుతుంది మావయ్యా. ఆ శబ్దం మాటగా అర్థం కావాలంటే ఏళ్లపాటు థెరపీ చెయ్యాలి. వారానికి రెండు క్లాసులిప్పిస్తే చాలదు. రోజూ ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి."

ఆయన చాలాసేపు తలూపుతూ కూర్చున్నాడు.

మూడో ఏడు జన్యుశాస్త్రం వచ్చింది. పుట్టు చెవుడుకు తరచుగా కారణమయ్యే కనెక్సిన్ 26 జన్యువు సంగతి 1997లో బయటపడింది. తల్లికీ తండ్రికీ చెవులు చక్కగా వినపడుతుంటాయి. ఇద్దరిలోనూ ఆ లోపం ఒక్కో ప్రతిగా దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు లోపపు ప్రతులూ చేరే అవకాశం 25 శాతం. బయటి సంబంధంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండటం అరుదు. మేనత్త, మేనమామ పిల్లలకైతే జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు. అందుకే మా ఓపీలో కేసు షీటు మొదట్లోనే "మేనరికమా?" అని అడుగుతాం.

ఒకరోజు మేనరికం చేసుకున్న జంట రెండో బిడ్డను తీసుకొచ్చారు. "పెద్దాడికి ఒకసారి వచ్చేసింది గదమ్మా, ఇంక రాదనుకున్నాం" అంది ఆ తల్లి. లెక్క ప్రతి కాన్పుకీ మళ్లీ మొదటికే వస్తుందని నా రూమ్మేటే ఆమెకు చెప్పాల్సొచ్చింది. ఆ రాత్రి తను అన్నం తినలేదు.

తర్వాతి వారం ఎవరి వంశవృక్షం వాళ్లు గీసుకు రమ్మన్నారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, లోపమున్నవాళ్లను నల్లగా నింపాలి, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. నా రూమ్మేటు కాగితంలో ఎక్కడ చూసినా జంట గీతలే. మావయ్యకీ అత్తకీ మధ్యా అదే. మాటలు రాని చిన్న మావయ్య చదరం నల్లగా ఉంది. పక్కనే "చిన్నప్పుడు జ్వరం వల్ల" అని రాసింది. మా సార్ ఆ మాట దగ్గర ప్రశ్నార్థకం పెట్టారు. జాతకాలు చూసే ప్రతి ఇంట్లోనూ ఈ కాగితం కూడా గీయించాలని నాకు ఆనాడే అనిపించింది, ఈనాటికీ అదే నా మాట.

ఇంటర్న్‌షిప్ ముగుస్తుండగా ఇంటి నుంచి ఫోనొచ్చింది. మావయ్య కొడుకుతో పెళ్లికి ముహూర్తాలు చూస్తున్నారు. తను ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని పల్నాడు బస్సెక్కింది. ఆ తర్వాత జరిగింది తను చెప్పగా విన్నాను.

వసారాలో మావయ్య ముందు కాగితం పరిచింది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"బావ మంచివాడు మావయ్యా. నేనంటోంది బావ గురించి కాదు" అంటూ ఓపీలో ఆ తల్లికి చెప్పినట్టే ఓపిగ్గా అంతా చెప్పింది. మేనరికమైన ప్రతి ఇంట్లోనూ ఇలా జరగదంది. కనీసం ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకున్నాకే మిగతా మాట అంది.

మావయ్య ఎప్పటిలాగే శ్రద్ధగా విన్నాడు. కళ్లజోడు సర్దుకుని పెన్ను ఇమ్మన్నాడు. తనకీ అత్తకీ మధ్యనున్న జంట గీత కింద, బావ చదరానికి ఎడమ పక్కన ఒక సున్నా చుట్టాడు. దాన్ని నల్లగా నింపాడు.

అత్త లోపలికి వెళ్లిపోయింది.

"మీ బావ కంటే పెద్దది. హైదరాబాదు తీసుకెళ్లి మిషను పెట్టించాను. రోజూ కూర్చోబెట్టి మాటలు నేర్పాలన్నారు. మనూళ్లో నేర్పేవాళ్లెవరు? ఆరో ఏట రోడ్డు దాటుతుంటే లారీ కిందపడింది. హారన్ వినపళ్లేదు."

తనకు నోట మాట రాలేదట. చాలాసేపటికి అడిగింది: "ఇంత తెలిసి కూడా నన్నెలా అడుగుతున్నావు మావయ్యా?"

ఆయన పెన్ను తిరిగిచ్చాడు.

"తెలుసు కాబట్టే గదమ్మడూ, ఈసారి ఎవర్నీ వెతుక్కోనక్కర్లేకుండా నిన్ను నాలుగేళ్లు చదివించింది!"