డాలస్ గడియారం

తెనాలిలో ఈ ఇంటి వంటగది గుమ్మం పైన మేమిద్దరం ఉంటాం. పక్కనున్న పాతాయన ఇక్కడి టైము చూపిస్తాడు, నేను డాలస్ టైము చూపిస్తాను. అమ్మాయి ఎమ్మెస్‌కి వెళ్ళిన వారంలోనే అయ్యగారు నన్ను కొని తగిలించారు. వచ్చినవాళ్ళు "మీ గడియారం అరగంట ఫాస్టండీ" అంటారు. చలికాలంలో డాలస్ మనకి పదకొండున్నర గంటలు వెనక. పన్నెండంకెల ముఖం మీద అది అరగంట ముందున్నట్టే ఉంటుంది. "అరగంట కలుపుకో, పగలుని రాత్రి అనుకో" అని అయ్యగారు అమ్మగారికి నేర్పారు.

లెక్క వచ్చాక ఆవిడ బెంగ ఇంకా పెరిగింది. పొద్దున పదిన్నరకి కూర తిరగమోత వేస్తూ తలెత్తితే నా ముల్లు పదకొండు మీద. అక్కడ రాత్రి. పిల్ల లైబ్రరీ నుంచి గదికి చేరిందో లేదో! స్టవ్ కట్టేసి, పోపు ఘాటుకి దగ్గుతూనే ఫోను. ఎత్తకపోతే మళ్ళీ ఫోను. ఒకనాడు పిల్ల ఏడుపుగొంతుతో అంది: "నువ్విలా చేస్తుంటే నాకూ భయమేస్తోందమ్మా."

కన్నవాళ్ళకి బెంగ ఉండటం తప్పని నేననను. కానీ ఆ భయం ఫోనులోంచి పిల్ల దాకా పోతోంది. ఆ రోజు అమ్మగారికి అది తెలిసింది.

ఏర్పాటు అమ్మాయే చెప్పింది. గదికి చేరగానే "వచ్చా" అని మెసేజ్. తీరిగ్గా మాట్లాడటం ఆదివారం పొద్దున ఎనిమిదికి, అంటే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఈలోపు అడగాలనిపించినవన్నీ అమ్మగారు క్యాలెండర్ అంచున రాసుకునేవారు: పంటినొప్పి తగ్గిందా, దుప్పటి కొందా, ఆ రూమ్మేట్ ఎలాంటిది. ఆదివారానికి సగం ఆవిడే కొట్టేసేవారు.

అయ్యగారి బెంగ బయటపడేది మార్చి రెండో ఆదివారం. అమెరికాలో గంట ముందుకి జరిపేది ఆ రోజే. అక్కడ తెల్లవారుజాము రెండయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. భోంచేసిన చెయ్యి ఆరకుండానే స్టూలెక్కి నా ముల్లు తిప్పుతారు. మిగతా రోజుల్లో "డబ్బులున్నాయా అమ్మా?" అని ఒక్క ముక్క అడిగి ఫోను ఇచ్చేస్తారు.

ఈ ఆదివారం మాటల మధ్యలో అమ్మగారు పాతాయన వైపు చూశారు. "అయ్యో, తొమ్మిదవుతోందే! లలితా పారాయణకి వెళ్ళాలి, కింద ఆటో ఆగి ఉంది. నాన్నకిస్తున్నా" అని చెప్పులేసుకున్నారు. అయ్యగారు డబ్బుల సంగతి అడిగారు. తర్వాత, అక్కడ చలి ఎలా ఉందని అడుగుతూ కుర్చీ లాక్కున్నారు.