పికప్ కొనేముందు చెవిన పెట్టకూడని సలహాలు

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో పికప్ బండి ఒక ఇంటికి అన్నం పెడుతుంది. తొలకరికి ఎరువు కట్టలు, చలికాలంలో పత్తి, సంక్రాంతి దాటాక మిరప. మధ్యలో పెళ్లి సామాను, సంతకు మేకలు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వినుకొండ ఆసుపత్రికి మనుషులు. కొనేది అప్పు తెచ్చి. నెలనెలా కిస్తీ కట్టేది ఆ ఇంటివాళ్లే. సలహా ఇచ్చినవాడు మాత్రం టీ తాగి వెళ్లిపోతాడు.

ఈమధ్య ఊళ్లలో కొత్త మాట వినిపిస్తోంది. కరెంటుతో నడుస్తూ, చార్జింగ్ తగ్గితే లోపలున్న జనరేటరుతో తానే కరెంటు చేసుకునే పికప్. దీన్నే రేంజ్ ఎక్స్‌టెండర్ హైబ్రిడ్ అంటున్నారు. అమెరికాలో రామ్ కంపెనీ 2023 నవంబరులో 1500 రామ్‌చార్జర్ అని ఒకదాన్ని ప్రకటించింది. 2024 అక్టోబరులో స్కౌట్ తన టెర్రా పికప్‌ను చూపించింది. ఫోర్డ్ అయితే పూర్తి కరెంటు ఎఫ్-150 లైట్నింగ్‌ను ఆపేసి, తర్వాతి దాన్ని ఈ పద్ధతిలోనే తెస్తామని 2025 డిసెంబరులో చెప్పింది. చైనాలో చాంగాన్ హంటర్ ఈసరికే రోడ్డెక్కింది. 2025 నాటికి మన షోరూముల్లో మాత్రం ఇలాంటి సరుకు బండి లేదు. బండి రాకముందే సలహాలు వచ్చేశాయి. వాటిలో మనల్ని ముంచేవేవో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ముందు అది నడిచే తీరు. వినుకొండ మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో ఏళ్ల తరబడి తిరిగిన డీజిల్ ఇంజన్లది ఇదే సూత్రం. లోపలి డీజిల్ యంత్రం జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. దానికి పెద్ద బ్యాటరీని, ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గును చేరిస్తే రేంజ్ ఎక్స్‌టెండర్ అవుతుంది. చక్రాలను తిప్పేది మోటారే. ఇంజను పని కరెంటు పుట్టించడం వరకే.

తప్పుడు సలహా 1: “ఇంజను చిన్నది మావా, చుక్కలు చుక్కలుగా తాగుద్ది. చార్జింగ్ గొడవే అక్కర్లా, ఆయిల్ పోసి తిప్పుకో.”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. లెక్క వేసి చూడండి.

లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజనులో, జనరేటరులో పోయింది పోగా చేతికొచ్చే కరెంటు 3 నుంచి 3.5 యూనిట్లు. టన్నున్నర సరుకుతో పోయే బండికి 100 కిలోమీటర్లకు 30 యూనిట్లు కావాలనుకుందాం. ఆ కరెంటంతా జనరేటరుతోనే చేసుకుంటే 9 లీటర్లు పోయాలి. లోడుతో లీటరుకు 11, 12 కిలోమీటర్లు ఇచ్చే మామూలు డీజిల్ పికప్ కూడా అంతే తాగుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే డీజిల్ బండే కాస్త మెరుగు. అక్కడ ఇంజను నేరుగా చక్రాన్ని తిప్పుతుంది. ఇక్కడ ముందు కరెంటుగా మారి, మళ్లీ మోటారులో తిరుగుడుగా మారాలి. మారిన ప్రతిచోటా కొంత పోతుంది.

అదే 30 యూనిట్లు ఇంట్లో ఎక్కిస్తే? చార్జింగ్‌లో పోయేది కలుపుకొని 34 యూనిట్లు అనుకోండి. ఇళ్లకిచ్చే కరెంటులో పై శ్లాబు యూనిట్ 9 రూపాయల 75 పైసలు. ఆ రేటునే కట్టినా సుమారు 330 రూపాయల్లో అయిపోతుంది. లీటరు 97 చొప్పున 9 లీటర్ల డీజిల్‌కు 870 అవుతుంది. ఈ బండిలో లాభమంతా ప్లగ్గులోనే ఉంది. రాత్రి ప్లగ్గు పెట్టనివాడు రెండు బండ్ల ధర పెట్టి ఒక బండి నడుపుతున్నట్టే.

తప్పుడు సలహా 2: “అన్నాయ్, అమెరికా బండిలా పే…ద్ద బ్యాటరీ ఉన్నదే కొను.”

రామ్‌చార్జర్‌కు ప్రకటించిన బ్యాటరీ 92 యూనిట్లది. చార్జింగ్ మీద 145 మైళ్లు, జనరేటరుతో కలిపి 690 మైళ్లు పోతుందన్నారు. ఆ బండి పడవల్ని, ట్రైలర్లను లాగడానికి చేసింది. మన బండి పని వేరు.

మిరప టిక్కీ సంగతి మనకు కొత్త కాదు. కళ్లంలో ఎండిన కాయను గోనెలో తొక్కి, నోరు కుడితే 40 నుంచి 45 కిలోలు. 92 యూనిట్ల బ్యాటరీ ఆరేడు వందల కిలోలు తూగుతుంది. అంటే పదిహేను టిక్కీల చోటు బ్యాటరీకే పోయినట్టు. కిరాయి టిక్కీకింత అని ఇచ్చే చోట, బండి కింద మోసే బరువుకు ఎవరూ కిరాయి కట్టరు.

బొల్లాపల్లి నుంచి వినుకొండకు పోయి రావడం, రెమిడిచర్ల, వెల్లటూరు, బండ్లమోటు వైపు తండాలకు తిరగడం. ఏడాదిలో ఎక్కువ రోజులు మన తిరుగుడు ఇంతే. దీనికి 20, 30 యూనిట్ల బ్యాటరీ చాలు. గుంటూరు మిరప యార్డుకు పోవాలంటే వంద కిలోమీటర్లు దాటుతుంది, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. అది మిరప నెలల పని. ఆ కొద్ది నెలల కోసం ఏడాది పొడుగునా బ్యాటరీ బరువు మోయకుండా ఉండటానికే జనరేటరు. ఆ ఉపయోగం పట్నంలో తిరిగే బండి కంటే మనలాంటి మండలంలోనే ఎక్కువ. అందుకే ఈ పద్ధతి బండి మన దగ్గరికి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తప్పుడు సలహా 3: “ఇప్పుడున్న కరెంటు బండి కొని, తొట్లో జనరేటరు పెట్టుకో బాబాయ్. నడుస్తానే చార్జింగ్ అయిద్ది.”

వద్దు. ఈ పని ఎవరైనా చేస్తున్నారని తెలిస్తే ఆపండి.

పొలాల్లో, పెళ్లిళ్లలో వాడే 5 కేవీఏ జనరేటరు గంటకు మహా అయితే 4 యూనిట్లు ఇస్తుంది. లోడు బండి గంటకు 50 కిలోమీటర్లు పోతే 15 యూనిట్లు మింగుతుంది. మూడో వంతు కూడా నిండదు. పైగా చార్జింగ్ ప్లగ్గు తగిలించి ఉంటే కదలకుండా కంపెనీలే తాళం వేస్తాయి. ఆ తాళాన్ని తప్పించడానికి వైర్లు కోసినవాడు వందల వోల్టుల మీద చేయి పెట్టినట్టే. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే మన మెకానిక్కే కాదు, కంపెనీ శిక్షణ లేని ఎవరూ ముట్టుకోకూడదు. ఎండిన మిరప, పత్తి ఉన్న తొట్లో పెట్రోలు డబ్బా, వేడెక్కిన సైలెన్సరు పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని సొంతంగా ఇలా మార్చడం తప్పు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

తప్పుడు సలహా 4: “బోరు మోటారుకు ఉచిత కరెంటేగా, ఆ స్టార్టరు డబ్బా నుంచి లాగు.”

సేద్యానికి పగలు 9 గంటలిచ్చే ఉచిత కరెంటు సేద్యానికే. దాంతో కిరాయి బండికి చార్జింగ్ పెడితే 2003 విద్యుత్ చట్టం కింద అక్రమ వాడకం అవుతుంది. జరిమానా మాట అలా ఉంచితే, కరెంటు ఎక్కువతక్కువలకు మోటార్లు కాలే లైను మీద లక్షల ఖరీదు బ్యాటరీని తగిలించడం తెలివైన పని కాదు. ఇంట్లో మంచి ఎర్తింగ్‌తో 15 ఆంపియర్ల ప్లగ్గు వేయించుకోండి. 21 యూనిట్ల బ్యాటరీ దాంతో ఏడు గంటల్లో నిండుతుంది. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి బండి సిద్ధం.

తప్పుడు సలహా 5: “జనరేటరు ఉందిగా, బ్యాటరీ అడుగంటిందాకా పోనీ. అదే మొదలెట్టుద్ది.”

బ్యాటరీ, జనరేటరు పని పంచుకుంటాయి. సగటున కావాల్సిన కరెంటు జనరేటరు ఇస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడుతో కదిలేటప్పుడు ఒక్కసారిగా కావాల్సింది బ్యాటరీ ఇస్తుంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే జనరేటరు ఒంటరిదై, ఎత్తు మీద బండి నీరసిస్తుంది.

ఇది జరిగిన సంగతే. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 కారులో ఈ ఏర్పాటు ఉండేది. దాని జనరేటరును 650 సీసీ ఇంజను తిప్పేది. అమెరికాలో అమ్మిన ఆ కార్లలో బ్యాటరీ సుమారు 6 శాతానికి పడిపోయాకే ఇంజను మొదలయ్యేది. పొడుగాటి ఎత్తుల మీద వేగం తగ్గిపోతోందని కొందరు 2016లో కోర్టుకెక్కారు. అంతకుముందే 2010లో వచ్చిన షెవర్లే వోల్ట్‌లో కొండలెక్కడానికి ముందే బ్యాటరీలో కొంత దాచిపెట్టే ఏర్పాటు ఇచ్చారు. నల్లమల అంచున ఉండే మనకు ఇలాంటి మీట ఉన్న బండే కావాలి. ఉందో లేదో కొనేముందు అడగండి. లోడుతో ఎత్తు వైపు తిరగకముందే దాన్ని నొక్కండి.

తప్పుడు సలహా 6: “ఇంజను వాడకపోతే ఆదా తమ్ముడూ. ట్యాంకు ఒకసారి నింపి మర్చిపో.”

జనరేటరుది పెట్రోలు ఇంజనైతే, ఏడాదిలో ఎక్కువ రోజులు కరెంటు మీదే తిరిగితే పెట్రోలు ట్యాంకులోనే నిలవుంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వోల్ట్ కారులో ఇంజను చాలాకాలం వాడకపోతే దానంతటదే కాసేపు నడిచి, పాతబడ్డ పెట్రోలును కాల్చేసే ఏర్పాటు పెట్టింది ఇందుకే. మామూలు నెలల్లో ట్యాంకులో కొద్దిగానే ఉంచండి. నెలకోసారి ఇంజనుకు పని చెప్పండి. ఆయిల్ మార్పు గడువు కిలోమీటర్లను బట్టే కాదు, నెలలను బట్టి కూడా వస్తుంది.

తప్పుడు సలహా 7: “మోటారుకు లాగుడు ఎక్కువ. అరవై టిక్కీలు ఎక్కించినా ఊగకుండా పోద్ది.”

మోటారు లాగుతుంది, నిజమే. ఆపాల్సింది బ్రేకులు, మోయాల్సింది పట్టీలు, టైర్లు. 1.3 టన్నుల బండికి 45 కిలోల టిక్కీలు 28 మాత్రమే. 1.7 టన్నుల బండికి 37. మిరప చోటు ఎక్కువ తీసుకునే సరుకు, అందుకే లోడు ఎత్తుగా పెరుగుతుంది. మలుపులో బండిని పడేసేది ఆ ఎత్తే. అధిక లోడుకు చట్టంలో జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. బరువు పెరిగినకొద్దీ చార్జింగ్ మీద పోయే దూరం కూడా తగ్గుతుంది. కంపెనీ చెప్పే కిలోమీటర్లు పరీక్షలో వచ్చినవి. మన లోడుకు, మన రోడ్డుకు, మన ఎండకు అందులో మూడో వంతు తీసేసి లెక్కేసుకోండి.

ఎండ అనగానే గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పల్నాడు జిల్లాలోదే. మిరప తోలేది సరిగ్గా ఎండలు ముదిరే నెలల్లో. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని బండి ఎంత చవకైనా వద్దు. యార్డు నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టవద్దు. నీడలో నిలిపి, పొద్దుగూకాక పెట్టండి.

తప్పుడు సలహా 8: “కరెంటు బండేగా, పన్ను 5 శాతమే. సబ్సిడీ కూడా వచ్చుద్ది.”

5 శాతం జీఎస్టీ పూర్తిగా కరెంటుతో నడిచే బండ్లకు. పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు ఉన్నదానికి అది వర్తిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆకుపచ్చ నంబరు ప్లేటు కూడా బ్యాటరీ బండ్లకే. డీజిల్ సరుకు బండ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి ధరల్లో తేడా మునుపటిలా లేదు. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్‌లో ట్రక్కులకు సాయం ఉన్నా, అది మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన కరెంటు ట్రక్కులకు. చిన్న పికప్‌కు రాదు. చేతిలోకి రాని సబ్సిడీని నమ్ముకొని కిస్తీకి సంతకం పెట్టకండి.

తప్పుడు సలహా 9: “అది వచ్చిందాకా ఆగు.”

బండి మీద బతికే ఇల్లు ఆగలేదు. ఇవాళే కొనాల్సి వస్తే దారులున్నాయి. రోజుకు వంద కిలోమీటర్లలోపు, ముప్పావు టన్ను లోపు తిరుగుడైతే టాటా ఏస్ ఈవీ, మహీంద్రా జియో లాంటి కరెంటు బండ్లు సరిపోతాయి. ఏటా మిరపకాలమంతా యార్డుకు తిరిగేవాళ్లకు, టన్ను దాటి మోసేవాళ్లకు ఇప్పటికి డీజిలే. సీఎన్‌జీతోనూ పెట్రోలుతోనూ నడిచే టాటా ఇంట్రా వీ20 రెండింటికీ మధ్య రకం. మీరు తిరిగే దారిలో సీఎన్‌జీ బంకు ఉంటేనే దాని వైపు చూడండి.

ఏది కొనాలన్నా ముందు చేయాల్సిన పని ఒకటే. ఇప్పుడున్న బండికో, మీరు కిరాయికి పిలిచే బండికో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోడు, ఖాళీగా వచ్చింది ఎంత దూరం, రాత్రి బండి ఎక్కడ ఉంది, పంట కాలమంతా రాయండి. రోజూ రాత్రి బండి ఇంటి ముందే ఉండి, దూరాలు తక్కువై, ఏడాదిలో ఒక కాలమే గుంటూరు దాకా పోయేవాళ్లకు రేంజ్ ఎక్స్‌టెండర్ నిజంగా పనికొస్తుంది. రోజూ దూరాలే అయితే అది ఎంత కొత్తదైనా మీ బండి కాదు. షోరూముకు పోయేటప్పుడు ఊరి సలహాలను ఊళ్లోనే వదిలేసి, ఆ పుస్తకాన్ని చేతిలో పెట్టుకొని వెళ్లండి. ఈ లోడుకు, ఈ దూరానికి మీ బండి ఎంత తాగుతుందో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనివాళ్ల దగ్గర అడ్వాన్సు కట్టకండి.