లాకుల దగ్గర మే డే

భిలాయ్‌లో మనిషికి ఇంటిపేరు అక్కర్లేదు, డిపార్టుమెంటు చాలు. మరోదా సెక్టారులో బ్లాస్ట్‌ఫర్నేస్ బావగారు, కోక్‌ఓవెన్ మావయ్య, రైల్‌మిల్ అన్నయ్య అంటే పాలవాడు కూడా దారి చూపిస్తాడు. రిటైరయ్యాక పొద్దుపోని ఈ ముగ్గురూ, సర్వీసు పొడుగునా ఎర్రజెండా దించని యూనియన్ అన్నను కూడా వెంటేసుకుని, ఏప్రిల్ చివర్లో ఫ్రాన్సు వెళ్లి కాలువలో పడవెక్కారు. బావగారబ్బాయి తులూజ్‌లో విమానాల కంపెనీలో ఇంజనీరు. తండ్రినీ తండ్రి స్నేహితులనూ రెండు గదుల ఫ్లాటులో పెట్టుకునే కంటే పడవలో పెట్టడం సుఖమని కోడలికే తోచి ఉంటుంది. ఆ పిల్ల మొదటినుంచీ తెలివైనది.

అక్కడ అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదట. కాసేపు నేర్పించి తాళం చేతిలో పెడతారు. వేగం మాత్రం గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు. మరోదా స్టేషన్ మీదుగా దల్లీరాజహరా నుంచి ముడిఖనిజం మోసుకొచ్చే గూడ్సు కూడా ఈ పడవను చూస్తే జాలిపడి సైడిస్తుంది. అయినా మా రైల్‌మిల్ అన్నయ్య బయల్దేరకముందే లెక్క కట్టేశాడు. తులూజ్ నుంచి తో సరస్సు దాకా కెనాల్ దు మిది 240 కిలోమీటర్లు. ఎనిమిదితో భాగిస్తే ముప్పై గంటలు. రోజుకు ఆరుగంటల డ్యూటీ వేసుకున్నా అయిదు రోజుల పని. ఓవర్‌టైమ్ చేస్తే నాలుగు.

మొదటి అడ్డు పన్నెండున్నరకు తగిలింది. లాకుల దగ్గరికి పడవ చేరేసరికి లస్కరు గేటు మూసేసి భోజనానికి వెళ్లిపోయాడు. ఒకటిన్నర దాకా రాడు. బోర్డు మీద ఆ వేళలు రాసే ఉన్నాయి గానీ, బోర్డు చదివి నడుచుకునే వాళ్లయితే మా వాళ్లు భిలాయ్‌లో ఇన్నాళ్లు ఎందుకుంటారు? బావగారు వెంటనే నాకు వాయిస్ మెసేజ్ పెట్టారు: "బావా, వీడు గేటు మూసి అన్నానికి పోయాడు! రిలీవరు లేడు, చార్జ్ ఇవ్వలేదు, లాగ్‌బుక్కులో సంతకం లేదు!"

ఆయన బాధ నాకర్థమైంది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్‌ఫర్నేస్ ప్రారంభించింది మొదలు ఈ ఊళ్లో గడియారమంటే షిఫ్టే. ఫర్నేస్ అన్నానికి లేవదు. రిలీవరు రాకపోతే పెళ్లిచూపులున్నా కదలకూడదు. అలాంటి ఊళ్లో జీవితమంతా గడిపినవాడికి, తలుపు మూస్తే నీళ్లూ పడవలూ దేశమూ ఆగిపోయి, ఒక మనిషి తీరిగ్గా నాలుగు ముద్దలు తినే వీలుంటుందన్నది నమ్మశక్యం కాని సంగతి. కోక్‌ఓవెన్ మావయ్య మాత్రం అదే సందు చూసుకుని స్టవ్ మీద ఉప్మా కలియబెట్టాడు.

బెజియే దగ్గర ఫోన్సెరాన్‌లో లాకులు మెట్లమెట్లుగా ఉంటాయి. ఎక్కే పడవలకు ఒక వేళ, దిగే పడవలకు ఒక వేళ. మా వాళ్లు దిగాల్సినవాళ్లు. ఎక్కే వేళకు చేరుకున్నారు. అంతకు ముందు మరోచోట చెట్లు కొడుతున్నారని గట్టున తాడు కట్టుకుని కూర్చున్నారు. ఆ కాలువ గట్ల మీద 42 వేల దాకా ప్లేన్ చెట్లు ఉండేవి. వాటికి పట్టిన బూజుతెగులు 2006లో ఈ కాలువ మీద బయటపడింది. అప్పటినుంచి వేలకు వేలు నరికేస్తూ కొత్త మొక్కలు నాటుతున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఆ తెగులు దిగిందంటారు. 1944లో ఎవరో దించిన పెట్టె వల్ల తన టైమ్‌టేబుల్ దెబ్బతిన్నదని రైల్‌మిల్ అన్నయ్య ఇప్పటికీ అమెరికాను క్షమించలేదు.

అసలు కథ మే ఒకటిన. ఆ రోజు లాకులన్నీ బంద్. కార్మిక దినోత్సవం కదా, లస్కర్లు కూడా కార్మికులే. మా యూనియన్ అన్న ఈ ఊరి గేటు మీటింగుల్లో ఏటా మే డే ఉపన్యాసం ఇచ్చినవాడు. ఎనిమిది గంటల పనిదినం, చికాగో అమరులు, ప్రపంచ కార్మికులారా ఏకంకండి, అన్నీ ఆయనకు కంఠోపాఠం. ఆ మనిషి ఆ ఉదయం పడవ ముందు భాగాన నిలబడి, మూసిన గేటు చూసి, "పండగ పూటైనా ఒక్కడు డ్యూటీలో ఉండొద్దా? ఇదేం క్రమశిక్షణ?" అన్నాడట. మేనేజ్‌మెంట్ వాళ్లు ముప్పయ్యేళ్లు ఆయన నోట వినాలని ఎదురుచూసిన మాట. వినడానికి అక్కడ బాతులు తప్ప ఎవరూ లేకపోయారు.

ఆలస్యం ఆ కాలువకు పుట్టుకతో వచ్చిన గుణం. ఉప్పు పన్ను వసూలు చేసుకునే పియేర్ పోల్ రికే 1666లో పద్నాలుగో లూయీ అనుమతి పుచ్చుకుని, సొంత డబ్బు కూడా గుమ్మరించి తవ్వించాడు. నల్లకొండల నీళ్లు సాఁ ఫెరియోల్ చెరువులో నిలబెట్టి కాలువకు పారించాడు. మన మరోదా చెరువుకు తాండులా నీళ్లు కాలువలో వచ్చినట్టే, కాకపోతే మన నీళ్లు పడవలకు కాదు, ప్లాంటుకు. కాలువ 1681 మేలో తెరిచారు. రికే 1680 అక్టోబరులో పోయాడు. అంత ఆలస్యం పాపం మా వాళ్లెవరికీ జరగలేదు.

మా కోక్‌ఓవెన్ మావయ్యది నరసాపురం వైపు. లాకులు ఆయనకు కొత్త కాదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదావరి కాలువల్లో పడవలు, లాంచీలే బస్సులు. బారిస్టర్ పార్వతీశం ఇంగ్లండు ప్రయాణం కూడా అలాంటి కాలువలోనే నిడదవోలు దాకా సాగింది. రైళ్లకంటే కాలువలే ఈ దేశానికి చవకని కాటన్ చివరిదాకా వాదించాడు. దొరలు విన్నారు, రైలుపట్టాలే వేశారు. కర్నూలు–కడప కాలువను నీళ్లకూ పడవలకూ అని తవ్విన కంపెనీ దివాలా దారి పట్టగా, 1882లో సర్కారు కొనుక్కుంది. బకింగ్‌హామ్ కాలువ తుపాన్లకు పూడిపోయింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి కృష్ణలను కలిపి నాలుగో జాతీయ జలమార్గమన్నారు. 2016లో చట్టం చేసి ఇంకా పొడిగించారు. మ్యాపులో ఎంత పొడవైనా పెంచొచ్చు, పూడిక తీయనక్కర్లేదు కదా. ఫ్రాన్సులో పడవ గంటసేపు కాలువ కోసం ఆగితే మావాళ్లు గోలపెట్టారు. ఇక్కడ కాలువే తరాలుగా పడవ కోసం ఆగి ఉంది. దాని తరఫున వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు లేరు.

తిరుగుప్రయాణంలో ఢిల్లీ నుంచి దుర్గ్ దాకా రైలెక్కారు. బండి ఎక్కడో పొలాల మధ్య రాత్రంతా ఆగింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. దుప్పట్లు కప్పుకుని హాయిగా నిద్రపోయారు. తెల్లారి బావగారు పెట్టిన మెసేజ్‌లో ఫిర్యాదు లేదు: "బండి కొంచెం లేటు. టిఫిను బాగుంది." అది తన మిల్లు పట్టాల తప్పు కాదని రైల్‌మిల్ అన్నయ్య కింద ఒక్క వాక్యం చేర్చాడు.

వచ్చే మే డే సభకు యూనియన్ అన్నే ముఖ్య వక్త. ఫ్రెంచి లస్కరు హక్కుల మీద కొత్త ఉపన్యాసం తయారుచేస్తున్నాడని తెలిసింది. పిలుపు కార్డులో ఉదయం పది గంటలకని వేశారు. పదకొండున్నరకు వెళ్తే కుర్చీలు దులుపుతుంటారు, పన్నెండుంబావుకు దండలేస్తారు. ఇంతలో పన్నెండున్నర అయితే అన్న మైకు కట్టేసి భోజనానికి లేచిపోతాడేమోనని కార్యదర్శి బెంగపడుతున్నాడు.